డబ్బా అడుగు కనపడొద్దు

సత్యవ్వ తన కొడుకును చేతులారా చంపుకుందని మా వాడలో అనేవాళ్లున్నారు. వాళ్ల నోళ్లు పడిపోను. నల్లా దగ్గర బిందె పెట్టి, వంతు వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి మాట్లాడుతారు. అందులో సగం మంది ఆమె చేతి చాయ తాగినవాళ్లే. నాకు కోపం ఎక్కువని మా ఆయన అంటాడు. అననీ. ఈ ఒక్క విషయంలో నా కోపం ఎవరూ తగ్గించక్కర్లేదు.

సిరిసిల్లలో ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. అటు పోపు వేస్తే ఇటు తుమ్ములొస్తాయి. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. డిగ్రీలో తెలుగు చదివాను గానీ, ఆ చదువుకు ఇక్కడ గిరాకీ లేదు. సత్యవ్వను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు, గోడే మా చుట్టరికం.

ఆమె చేసిన తప్పేమిటో తెలియాలంటే ముందు ఒక మాట తెలియాలి. ఆ మాట భర్తీ.

మరమగ్గాలను మేము సాంచాలంటాం. సాంచా మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కండె ఉంటుంది. కండె అంటే పేకనూలు చుట్టిన చిన్న పుల్ల. కాసేపట్లోనే దాని నూలు అయిపోతుంది. సాంచాలు నడిపేవాళ్లు పక్కన ఉన్న డబ్బాలోంచి నిండు కండె తీసి నాడెలో పెడుతూనే ఉండాలి. ఆ కండెలు చుట్టి, గంపకెత్తి, డబ్బాల్లో పోయడం సత్యవ్వ పని. డబ్బా సగానికి దిగిందంటే ఆ మోతలో ఎవరో ఒకరు గొంతు చించుకుని ‘భర్తీ’ అని అరుస్తారు. సత్యవ్వ గంప నెత్తిన పెట్టుకుని సాంచాల సందుల్లోంచి వెళుతుంది. ఏళ్ల తరబడి ఇదే. కొత్తగా పనిలో చేరినవాళ్లు ఆమె పేరే భర్తీ అనుకుంటారు.

ఆ మాటను ఆమె ఇంటికి తెచ్చింది ఆమె భర్త జలపతి. ఇక్కడి చాలామందిలాగే ఆయన కూడా భీవండికి వలస పోయి సాంచాలు నడిపాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా డబ్బాలో బియ్యం పోసినా భర్తీ, బిందెలో నీళ్లు పోసినా భర్తీ, చివరికి జేబులో బీడీల కట్ట పెట్టుకున్నా భర్తీయేనట. కోరుట్లలో చేతిమగ్గం ఉన్న ఇంట్లో పుట్టిన సత్యవ్వకు ఆ మాట కొత్త. మొదట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదట. తర్వాత తన నోటికే అది అంటుకుంది.

ఒకసారి ఉండబట్టలేక నేను నిఘంటువు తిరగేశాను. హిందీలో భర్‌నా అంటే నింపడం. భర్తీ అంటే నింపే పని. పేకనూలునే వాళ్లు భర్నీ అంటారు, పడుగు సందుల్ని నింపుతుంది కాబట్టి కాబోలు. ఇంకా వెనక్కి పోతే సంస్కృతంలో ఒక ధాతువు దగ్గర తేలుతుంది. మోయడం, పోషించడం అని దాని అర్థం. మనం రోజూ అనే భారం, భరణం, భరించడం అన్నీ ఆ ఇంటి పిల్లలే. పేపర్లో కనిపించే ఖాళీల భర్తీ కూడా అదే. ఇదంతా పూసగుచ్చినట్టు చెబితే సత్యవ్వ నోరు తెరుచుకుని విని, ఇంత చదివి నువ్వు హుక్కులు కుట్టుకుంటూ కూర్చున్నావా బిడ్డా అని నా బుగ్గ గిల్లింది. నాకు ఒళ్లు మండింది. నవ్వు కూడా వచ్చింది.

భర్తీకి ఆమె ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. డబ్బా అడుగు కనపడకూడదు. బియ్యం గానీ ఉప్పు గానీ నూనె గానీ, పాతది ఇంకా కొంచెం ఉండగానే దాని మీద కొత్తది పోయాలి. మన ఆడవాళ్లు బియ్యం అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. సత్యవ్వ ఆ మాట కూడా అనే అవసరం రానిచ్చేది కాదు. చేటలో నాలుగు గింజలు మిగిలినా తీసుకుపోయి డబ్బాలో వేసేది. కార్ఖానాలో నేర్పేదీ ఇదే మరి. కండె పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగితే గుడ్డలో పోగు తప్పుతుంది, సాంచాల యజమాని, అదే ఆసామి, తిడతాడు. మంచి పనివాడు కండె మీద ఇంకా కొన్ని చుట్లు ఉండగానే దాన్ని తీసేసి కొత్తది పెడతాడు. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్ల చేతులకు అది ఎవరూ చెప్పకుండానే వస్తుంది.

కానీ సత్యవ్వది అలవాటు కాదు, భయం. ఆ భయం ఆమెలో పెట్టింది ఆమె అత్త మల్లవ్వ. ఒక పూట ఇంట్లో బియ్యం లేక, సత్యవ్వ డబ్బా వంచి, అడుగున అంటుకున్న గింజల్ని అరచేత్తో తుడిచి అన్నం వండింది. ఆ సాయంత్రమే భీవండి నుంచి కబురొచ్చింది. జలపతి కార్ఖానాలో కరెంటు తగిలి పోయాడు. సాయినాథ్ అప్పటికి చంటిపిల్లాడు. శవం ఇల్లు చేరకముందే మల్లవ్వ ఆ ఖాళీ డబ్బాను తెచ్చి కోడలి ముందు బోర్లించింది.

“అడుగు తుడిచినవ్ గదనే. నా కొడుకును తుడిచినవ్.”

కడుపుకోతలో ఉన్న ముసలిది, ఎవరినో ఒకరిని అనాలి, అంది. ఆమె కూడా పోయి చాలా కాలమైంది. ఆ మాట మాత్రం పోలేదు. నేను ఎన్నోసార్లు చెప్పాను, కరెంటుకు నీ బియ్యం డబ్బా సంగతి ఎట్లా తెలుస్తుంది పెద్దమ్మా అని. ఆమె ఔననేది. ఔనంటూనే ఉప్పు డబ్బాలో ఉప్పు పోసేది.

ఇక సాయినాథ్. వాడు నన్ను అక్కా అనేవాడు. పొద్దున్నే మా గోడ మీద నుంచి చాయ గ్లాసు చాపి, వాళ్ల అవ్వ చాయ పానకంలా ఉంటుందని నా దగ్గర చక్కెర తక్కువ చాయ తాగేవాడు. తల్లిని అవ్వా అని పిలిచి ఆటపట్టించకుండా వాడికి పూట గడిచేది కాదు. పదో తరగతి తర్వాత వాడికి మూర్ఛ మొదలైంది. మొదటిసారి కోరుట్లలో మేనమామ ఇంట్లో ఉండగా వచ్చింది. దగ్గరని జగిత్యాల తీసుకుపోయారు. అక్కడి డాక్టరు గోలీలు రాశాడు. వాడికి ఏ గోలీ పడుతుందో తేలడానికి కొన్ని నెలలు పట్టింది. తేలాక మూర్ఛ మళ్లీ రాలేదు. ఆ డాక్టరు హస్తవాసి మంచిదని సత్యవ్వకు గురి కుదిరింది. సిరిసిల్లలో అవే గోలీలు దొరుకుతాయని ఎంత చెప్పినా వినేది కాదు. నెలకోసారి ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని, ఆడవాళ్లకు టికెట్టు లేని బస్సెక్కి, వేములవాడ మీదుగా జగిత్యాల పోయి తెచ్చుకునేది.

డాక్టరు ఒక్కటే షరతు పెట్టాడు. ఒక్క పూట కూడా గోలీ తప్పకూడదు. తప్పితే మూర్ఛ వస్తుంది, సాంచాల మధ్య వస్తే మనిషి దక్కడు. సాంచాల ఆసామి దేవయ్య కూడా అంతే అన్నాడు. సాయినాథ్‌కు పని ఇవ్వడానికి ఆయన మొదట భయపడ్డాడు. సత్యవ్వ తానే వెళ్లి, గోలీ నా చేత్తో ఇస్తానని మాటిచ్చింది. వాడు సాంచాలు నడుపుతుంటే ఆమె పక్క గదిలో కండెలు చుడుతూ, వాడి గొంతు కోసం చెవి వేసి ఉండేది. వాడు ‘భర్తీ’ అని అరిస్తే ఆమెకు ప్రాణం లేచొచ్చేది. అరిచాడంటే నిలబడే ఉన్నాడని.

గోలీల్ని ఆమె షీట్లలో ఉంచేది కాదు. అన్నీ గిల్లి ఒక చిన్న స్టీలు డబ్బాలో పోసేది. దానికీ అదే కట్టుబాటు. అడుగు కనపడకముందే జగిత్యాల బస్సెక్కేది. అట్లా ఆ డబ్బాలో ఎప్పుడూ కొన్ని మిగిలే ఉండేవి. తెలివైన పనే కదా అని నేనూ అనుకునేదాన్ని. ఆపదకు ఉంటాయి కదా. ఆపదకు ఉంటాయని నేను అనుకున్నాను. ఆమె మాత్రం, అవి అక్కడ ఉంటే చాలు, ఆపదే రాదని అనుకుంది. ఆ తేడా నాకు తర్వాతగానీ తెలియలేదు.

పోయిన వానాకాలం ముసురు పట్టింది. వారం దాటినా తెరిపి లేదు. సత్యవ్వ గోలీల కోసం బయలుదేరింది. కొడిమ్యాల దగ్గర వాగు రోడ్డు మీదికి ఎక్కిందని బస్సును వెనక్కి తిప్పారు. తడిసి ముద్దై ఇల్లు చేరింది. ఇంకోసారి చందుర్తి వైపు నుంచి పోదామని చూసింది. అటూ దారి లేదు. కోరుట్ల తమ్ముడికి ఫోను చేస్తే, ఆయన కూడా ఇల్లు కదిలే పరిస్థితి లేదన్నాడు.

నేను ఊరుకోలేదు. గోడ మీద నుంచి పిలిచి, గోలీలు ఉన్నాయా అని అడిగాను.

“ఉన్నయి బిడ్డా. అడుగింక కనపడలే.”

“ఎందుకైన మంచిది, ఈడ మెడికల్ షాపుల నేను తెస్తగదా పెద్దమ్మా. ఆ షీటు ఒకటి ఇయ్యి.”

షీట్లు పారేసిందట. చీటీ చూపించు అన్నాను. డబ్బాలో ఉన్నంక కొత్తవి ఎందుకు, ఆ సారు చేతివి వేరు అంది. గొంతు పెంచి నాలుగు మాటలన్నాను. ఆమె గొంతు పెంచలేదు. ఎల్లుండికల్లా దారి తెరుస్తారని అంటున్నారు, నేనే పోయొస్తా అని, నా చేతిలో రెండు వేడి వేడి మక్క గారెలు పెట్టి పంపింది. ఉన్నాయని చెప్పింది, నిజంగానే ఉన్నాయి. ఇంకేం అడుగుతాం?

దారి ఎల్లుండికి తెరవలేదు. ఆ తర్వాతా తెరవలేదు. డబ్బాలో గోలీలు దిగుతున్నాయి. ఇంకో పూట ఇస్తే, ఆ తర్వాత ఇంకో పూట ఇస్తే, అడుగు కనపడుతుంది. సత్యవ్వ కత్తిపీట మీద గోలీని రెండు ముక్కలు చేసింది. సగం కొడుక్కి ఇచ్చింది, సగం డబ్బాలో వేసింది. దారి తెరిచేదాకా సాగదీద్దామనుకుంది.

సాయినాథ్‌కు ఇది తెలుసు. తెలియకపోవడమేమిటి, సగం గోలీ కంటికి కనపడదా? వాడే నాకు చెప్పాడు, కానీ నవ్వుకుంటూ, మా అవ్వ గోలీలను కూడా కండెల లెక్కనే చూస్తోందక్కా అని. నాకు అర్థం కాలేదు. ఆ పూట కరెంటు పోయి, చెప్పిన టైముకు ఇవ్వాల్సిన జాకెట్టు మిషను మీదే ఉండిపోయింది. వాడి మాటలన్నీ హాస్యాలే కదా అనుకున్నాను. వాడు కూడా దాన్ని తప్పనుకోలేదు. తప్పనుకుంటే మింగేవాడు కాదు. పుట్టినప్పటి నుంచి వాడు చూసింది అదే. పూర్తిగా ఖాళీ అయితే సాంచా ఆగుతుంది. ఖాళీ కాకుండా చూసుకునేవాడే పనిమంతుడు.

వాన వెలిసిన రోజు జరిగింది. మిట్టమధ్యాహ్నం. ఎండ కాసింది, అందరి మొహాలూ తెరిపిన పడ్డాయి. సత్యవ్వ కండెలు చుడుతోంది. సాయినాథ్ ‘భర్తీ’ అని అరిచాడు. ఆమె గంప ఎత్తుకుంది. ఆమె గుమ్మం దాటేలోపల వాడు కండె మార్చబోయి, చేతిలో నాడె పట్టుకునే విరుచుకుపడిపోయాడు. తల సాంచా ఇనుప కాలుకు తగిలింది. దేవయ్య పరుగెత్తి మెయిన్ బంద్ చేశాడు. సత్యవ్వ గంపతోనే నిలబడి ఉంది. ఆ గంప దింపాలని కూడా ఎవరికీ తోచలేదు.

అంబులెన్సులో హైదరాబాద్ బయలుదేరారు. సగం దారిలోనే వాడు పోయాడు. ఎంత చక్కటి పిల్లాడు. నా కళ్ల ముందు పెరిగాడు. ఇప్పటికీ పొద్దున చాయ మరిగేటప్పుడు ఒక గ్లాసు ఎక్కువ నీళ్లు పోస్తాను, పోశాక తెలుస్తుంది.

దినాలు అయ్యాక ఒక పొద్దున సత్యవ్వ మా గడపలోకి వచ్చి, జగిత్యాల పోదాం రమ్మంది. ఎందుకని అడగలేదు. ఆమె కొంగు ముడిలో స్టీలు డబ్బా ఉంది. బస్సులో దారి పొడుగునా దాని మీద చెయ్యి తీయలేదు. కొడిమ్యాల దగ్గర వాగు ఎప్పుడో దిగిపోయింది. రోడ్డు మీద ఎండిన బురద చూసి ఆమె తల తిప్పుకుంది. అప్పుడు చెప్పింది నాకు, కత్తిపీట సంగతి.

డాక్టరు ఆమెను గుర్తుపట్టాడు. కొడుకు ఎట్లా ఉన్నాడని అడగబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. నేను జరిగింది చెప్పాను. సత్యవ్వ డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టింది.

“గివి మిగిలినయి సారూ. నేను సగం సగం ఇచ్చిన. మొత్తం ఇయ్యలే.”

ఆయన గోలీల్ని కాగితం మీద పోశాడు. ముక్కలన్నీ వేలితో ఒక పక్కకు జరిపాడు. పూర్తి గోలీ వేసుకున్నవాళ్లకు కూడా ఒక్కోసారి మూర్ఛ వస్తుందమ్మా, ఎవరి చేతిలోనూ ఉండదు అన్నాడు. మంచి మనిషి. ఆ మాట దగ్గర ఈ సంగతి ఆగిపోతే బాగుండునని నేను కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

“గది నేను అడగలే సారూ. అన్ని రోజులు మొత్తం మొత్తం ఇస్తే, దారి తెరిచేదాక గివి సరిపోతుండెనా?”

ఆయన నా వైపు చూశాడు. ఆమె రెప్ప వేయకుండా ఆయన్నే చూస్తోంది. అబద్ధం చెప్పడానికి ఆమె ఆయనకు సందు ఇవ్వలేదు.

“సరిపోయేవమ్మా,” అన్నాడు.

సత్యవ్వ తల ఊపింది. కాగితం మీది గోలీల్ని, ముక్కల్ని, ఒక్కొక్కటి ఏరి మళ్లీ డబ్బాలో వేసింది. మూత బిగించి కొంగున ముడి వేసుకుంది. బయట బెంచీల మీద జనం తమ వంతు కోసం చూస్తున్నారు. మేం బస్టాండుకు నడిచి వచ్చేశాం.

మళ్లీ పనిలోకి పోయింది. పోక ఏం చేస్తుంది? సాయినాథ్ నడిపిన సాంచాల మీద ఇప్పుడు వేరే మనిషి ఉన్నాడు. అతనూ డబ్బా దిగగానే ‘భర్తీ’ అని అరుస్తాడు, అరవాలి కదా. మొదటిసారి ఆ అరుపు విన్నప్పుడు సత్యవ్వ గంప ఎత్తుకుని పరుగెత్తిందట. గుమ్మం దగ్గర ఆ మనిషి మొహం చూసి ఆగింది. తర్వాత మెల్లగా వెళ్లి డబ్బా నింపి వచ్చింది. దేవయ్యే ఈ మాట మా ఆయనకు చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. నల్లా దగ్గర నోళ్లకు మాత్రం ఇవేవీ అక్కర్లేదు. గోలీలు దగ్గర పెట్టుకుని కొడుకును చంపుకుంది, అంతే. మీ ఇళ్లల్లో పిడికెడు మిగల్చకుండా ఎప్పుడైనా డబ్బా దులిపారా అని నేను అడిగాను. బిందెలు ఎత్తుకుని పోయారు.

కొన్నాళ్లకు ఆమె ఇంట్లోంచి పోపు వాసన రావడం ఆగిపోయింది. వండుకోవడం లేదని అర్థమైంది. కంట్రోలు బియ్యం తెచ్చుకోవడానికి కూడా ఆమె పోలేదట. మా ఇంట్లోంచి ఒక సంచిలో బియ్యం పోసుకుని వెళ్లాను. డబ్బా ఖాళీ అయ్యేలోపు పోస్తే ఆమెకు మనసు కుదుటపడుతుందని నా ఆలోచన. అయిన మనిషికి అంతకంటే ఏం చేయగలం?

తలుపు తీసే ఉంది. సత్యవ్వ నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. బియ్యం డబ్బా ఒళ్లో వంచి పెట్టుకుంది. మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, అరచేత్తో అడుగు తుడుస్తోంది. తుడిచి, చెయ్యి బయటికి తీసి చూసుకుంటోంది. మళ్లీ తుడుస్తోంది. ఆ గోలీల డబ్బా మూత లేకుండా పక్కన బోర్లా పడి ఉంది. అందులోనూ ఏమీ లేదు. గోలీలన్నీ మింగేశావా అని భుజం పట్టి ఊపాను. మురుగు మోరీలో పోశానంది.

నేను సంచి మూతి విప్పి, బియ్యం పోయబోయాను. ఆమె డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“పొయ్యకు బిడ్డా. అడుగు చూడనీ,” అంది. “ఇగ పానం పోయెటోళ్లు ఎవలున్నరు?”

సంచి పట్టుకుని నేను ఆమె పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. గోడ అవతల మా ఇంట్లో చాయ మరిగి పొంగిపోయి, పొయ్యి ఆరిన వాసన వచ్చింది. నేను లేవలేదు.